రాత్రి పటానికి పక్క వెలుగు



ఈనాటి ప్రసంగ విషయం రాత్రిపూట మనుషుల ఫోటోలు తీయడం. ముఖ్యంగా, ఫ్లాషును కెమెరా నెత్తిమీద నుంచి దించి, పక్కన పెట్టి తీయడం. కంటితో చూడవలసిన సంగతిని రేడియోలో ఎలా చెబుతారని మీకు అనిపించవచ్చు. కానీ వెలుగును గురించి చీకట్లో కూర్చుని వింటేనే బాగా అర్థమవుతుంది. మధ్యలో ఒకచోట మిమ్మల్ని లేచి టార్చిలైటు తెమ్మంటాను. ఇప్పుడే చేతికి అందేచోట పెట్టుకోండి.

మా వెల్లిచందై, పాలక్కోడు ప్రాంతాల్లో పగటి వెలుగు పనివాళ్ళది కాదు. టమాటా కోతకు పోయేవారు తెల్లవారకముందే తోటలో ఉంటారు. హోసూరు ఫ్యాక్టరీలకు పోయేవారు పొద్దు పొడవకముందే బస్సెక్కుతారు. వాళ్ళు కాళ్ళు కడుక్కుని తిన్నె మీద కూర్చునేసరికి రాత్రి ఏడున్నర, ఎనిమిది. మనిషి నిమ్మళంగా ఉండేది, ముఖంలో మాట ఉండేది ఆ గంటలోనే. ఫోటోగ్రఫీ పుస్తకాలు మాత్రం ఉదయపు ఎండ మంచిది, సాయంత్రపు ఎండ మంచిది అంటాయి. ఆ రెండు వేళల్లో మనవాళ్ళు పొలంలో ఉంటారు, కాదంటే బస్సులో ఉంటారు. అందుకే ఎన్నో ఇళ్ళలో ఒక అవ్వ పోయిన తరువాత గోడకు పటం కట్టాలంటే ఆధార్ కార్డు మీది బొమ్మే గతి. దానినే పెద్దది చేయించి, పూలదండ వేసి, కుంకుమ పెడతారు. ఆ అవ్వ నవ్వు ఎలా ఉండేదో మనవళ్ళకు ఆ పటం చెప్పదు.

మరి రాత్రి తీసిన ఫోటోలు లేవా అంటే, ఉన్నాయి. ఇప్పుడు ప్రతి ఇంట్లో సెల్‌ఫోను ఉంది, దానికి ఒక దీపమూ ఉంది. ఆ ఫోటోలు ఒకసారి గుర్తు చేసుకోండి. నుదురు తెల్లగా మెరుస్తుంది, ముక్కు చదునైపోతుంది. వెనుక గోడ ఉంటే దానిమీద నల్లటి నీడ, గోడ లేకపోతే ఉత్త చీకటి. ఫ్లాషున్న కెమెరాతో తీస్తే కళ్ళు ఎర్రగా వస్తాయి. ఎంత మంచి మనిషైనా పోలీసు స్టేషను రికార్డులో బొమ్మలా కనిపిస్తాడు.

దీనికి కెమెరా ధర కారణం కాదు. దీపం ఉన్న చోటే కారణం. దీపమూ కన్నూ ఒకేచోట ఉంటే ముఖంలో ఏ భాగానికీ నీడ ఉండదు. నీడ లేకపోతే ఎత్తుపల్లాలు తెలియవు. ఎర్రకన్ను కూడా అందుకే వస్తుంది. చీకట్లో కంటిపాప విప్పారి ఉంటుంది. లెన్సు పక్కనే పుట్టిన మెరుపు లోపలికి పోయి, రక్తనాళాలున్న వెనుక పొరకు తగిలి, వచ్చిన దారినే తిరిగి లెన్సులోకి వస్తుంది. మెరుపు పక్కనుంచి వస్తే తిరిగి పోయే దారీ పక్కకే పోతుంది, ఎరుపు కెమెరాకు చిక్కదు.

ఇప్పుడు టార్చిలైటు తీసుకోండి. గదిలో దీపం ఆర్పండి. ఇంట్లో ఎవరినైనా, అక్కనో తమ్ముణ్ణో, ఎదురుగా కూర్చోబెట్టండి. మొదట టార్చిని మీ నుదుటి దగ్గర పెట్టుకుని వెయ్యండి. చూశారు కదా, ముఖం చపాతీలా ఉంది. ఇప్పుడు చేయి చాచి, టార్చిని మీ ఎడమపక్కకు, కొంచెం పైకి తీసుకుపోండి. చెంప ఎముక లేచి వచ్చింది. ముక్కుకు ఒక పక్క నీడ పడింది. రెండో చెంపమీద, కంటి కింద, చిన్న ముక్కోణం ఆకారంలో వెలుగు మిగిలి ఉంటుంది. ఆ ముక్కోణాన్ని గుర్తు పెట్టుకోండి. హాలెండు దేశపు చిత్రకారుడు రెంబ్రాంట్ గీసిన ముఖాల్లో అది కనిపిస్తుందని ఆ వెలుగుకు ఆయన పేరే పెట్టారు. ఇప్పుడు టార్చిని కిందికి దించి గడ్డం కిందనుంచి వెయ్యండి. అదిగో, వీధి నాటకంలో రాక్షసుడు! పిల్లలుంటే నవ్వుతారు. చిన్నపిల్లలైతే జడుసుకుంటారు, త్వరగా ఆపండి.

నేర్చుకోవలసినదాంట్లో సగం అయిపోయింది. మనిషికి పక్కగా సుమారు 45 డిగ్రీలు, తలకన్నా ఒక మూర పైన. దీపానికి అది మొదటి చోటు. తరువాత మీ ఇష్టం.

ఇక పనిముట్లు. కెమెరా కావాలి, షట్టరునూ అపర్చరునూ మన చేత్తో మార్చుకోగలిగేది. పాతదైనా ఫరవాలేదు. ఫ్లాషు ఒకటి, దాని శక్తిని సగం, నాలుగోవంతు, పదహారోవంతు అని తగ్గించుకునే ఏర్పాటున్నది. దానిని పట్టుకోవడానికి స్టాండు. కెమెరా నొక్కగానే ఫ్లాషు వెలిగేలా చేసే ట్రిగ్గరు. మన ఊళ్ళ పెళ్ళి ఫోటోగ్రాఫర్లు ఒకప్పుడు దీనికి తీగ వాడేవారు, దీపం పట్టుకోవడానికి ఒక కుర్రవాణ్ణి వెంట తెచ్చుకునేవారు. ఇప్పుడు ఒక జత చిన్న డబ్బాలు వస్తున్నాయి. ఒకటి కెమెరామీద, ఒకటి ఫ్లాషుకింద, మధ్య రేడియో తరంగం. మీరు నన్ను వింటున్నదీ రేడియో తరంగంతోనే, కాకపోతే వాటిది ఇంకా ఎక్కువ పౌనఃపున్యం. మరో ఫ్లాషు మెరుపును చూసి తానూ మెరిసే రకం ఫ్లాషులు కూడా ఉన్నాయి. ఇంట్లో అవి బాగానే పనిచేస్తాయి. పెళ్ళి మంటపంలో మాత్రం పక్క ఫోటోగ్రాఫరు మెరుపు మెరిసినప్పుడల్లా మీదీ మెరిసి, బ్యాటరీ అయిపోతుంది.

పాత ఫ్లాషు ఎవరైనా ఉచితంగా ఇస్తే సంతోషించండి, కానీ వెంటనే డిజిటల్ కెమెరాకు తగిలించకండి. కొన్ని పాత ఫ్లాషులు కెమెరా కొసకు 200 వోల్టులకు పైగా పంపేవి. ఇనుప రేకులున్న పాత కెమెరా దానికి ఓర్చుకునేది, ఇప్పటి కెమెరా లోపలి ఎలక్ట్రానిక్ భాగాలు కాలిపోతాయి. ముందు తెలిసిన మెకానిక్కుకు చూపించండి. ఇంకొకటి, ఏ ఫ్లాషునైనా విప్పి చూడాలన్న సరదా వద్దు. బ్యాటరీ తీసేసినా లోపలి కెపాసిటరులో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది.

కెమెరా లేదు, సెల్‌ఫోనే ఉంది అంటారా? ఫోనుకు విడి ఫ్లాషును కలపడం కష్టమే. కానీ రెండో ఫోను దీపాన్నో, చార్జింగు లైటునో పక్కనుంచి మరొకరు పట్టుకుంటే ఇప్పుడు చెబుతున్న సూత్రాలన్నీ దానికీ వర్తిస్తాయి. అది మెరుపు కాదు, నిలకడ దీపం, అంతే తేడా.

ఈ మెరుపు చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. 1887లో జర్మనీలో మీథే, గేడికే అనే ఇద్దరు మెగ్నీషియం కలిపిన పొడిని కనిపెట్టారు. నిప్పు తగిలిస్తే భుగ్గున మండి వెలుగిచ్చేది. దానిని పట్టుకుని న్యూయార్కులో జేకబ్ రీస్ అనే పత్రికా విలేకరి రాత్రివేళ పేదల వాడలకు పోయి, ఇరుకు గదుల్లో పదిమంది పడుకున్న చోట మెరుపు వేసి ఫోటోలు తీశాడు. 1890లో పుస్తకం అచ్చువేశాడు. ఆ పుస్తకంవల్ల వాడల ఇళ్ళ స్థితి పైవాళ్ళకు తెలిసింది, కొంత మేలు జరిగింది. ఆ పొడితో రెండుసార్లు ఇంటికే నిప్పంటించాననీ, ఒకసారి తనకే అంటించుకున్నాననీ ఆయనే రాసుకున్నాడు. మేలు సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆ ఫోటోల్లో కొందరి కళ్ళు చూడండి. నిద్రలో ఉన్నవాళ్ళ మీద, అడగకుండా, పిడుగు పడ్డట్టు పడిన వెలుగు అది. తీసినవాడి తొందర ఆ ముఖాల్లో ఉంది. ఆ తరువాత 1930 ప్రాంతంలో గాజు బల్బులు వచ్చాయి, ఒక్కో మెరుపుకు ఒక్కో బల్బు చొప్పున. 1931లో అమెరికాలో ఎమ్‌ఐటీ అనే విద్యాసంస్థలో హెరాల్డ్ ఎడ్జర్టన్ ఎలక్ట్రానిక్ మెరుపును తయారుచేశాడు. మన చేతిలోని ఫ్లాషు దాని సంతతే.

మన సినిమాలో ఇదే విద్యను దీపాలతో చేసినవారు మార్కస్ బార్ట్‌లీ గారు. 1957లో వచ్చిన మాయాబజార్‌లో నాయికానాయకులు పడవలో పోయే వెన్నెల రాత్రిని చూడనివారు మనలో ఉండరు. ఆనాటి ఫిల్ముకు నిజమైన చంద్రుడి వెలుగు ఏమూలకూ చాలదు. ఆ వెన్నెల బార్ట్‌లీ గారు కట్టి ఇచ్చిన వెన్నెల. తెచ్చిపెట్టిన వెలుగని మనకు తోచదు, రాత్రి చల్లదనమే తోస్తుంది. మనమూ అంత దూరం పోకపోయినా, ఆ దిక్కుకే నడవాలి.

ఇప్పుడు అసలు కిటుకు. రాత్రి ఫోటోలో రెండు వెలుగులు ఉంటాయి. ఒకటి అక్కడ ముందే ఉన్నది: తిన్నెమీది బల్బు, వీధి దీపం, పొయ్యిలో మంట. రెండోది మనం తెచ్చిన మెరుపు. ఒకే ఫోటోలో ఈ రెండింటినీ విడివిడిగా పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఎలాగంటే, ఫ్లాషును తక్కువ శక్తిలో వేసినప్పుడు దాని మెరుపు సెకనులో వెయ్యోవంతు కన్నా తక్కువలోనే ముగిసిపోతుంది. షట్టరు ఎంతసేపు తెరిచి ఉన్నా మెరుపు ఎక్కువ కాదు. బల్బు వెలుగు అలా కాదు, షట్టరు తెరిచి ఉన్నంతసేపూ వచ్చి పడుతూనే ఉంటుంది. కుండపోత వానకూ కారుతున్న కుళాయికీ ఉన్న తేడా ఇది. కుళాయి కింద బిందె ఎంతసేపు పెడితే అన్ని నీళ్ళు. కాబట్టి వెనుక ఇల్లూ వాకిలీ కనపడాలంటే షట్టరును నిదానం చెయ్యండి. ముఖం వెలుగు మార్చాలంటే ఫ్లాషు శక్తినో, దూరాన్నో, అపర్చరునో మార్చండి. అపర్చరు మారిస్తే రెండు వెలుగులూ మారుతాయని మరవకండి.

లెక్క ఒకటి చేద్దాం, కాగితం ఉంటే రాసుకోండి. ఫ్లాషుకు గైడ్ నంబరు అని ఒకటి ఉంటుంది, దాని పుస్తకంలో రాసి ఉంటుంది. అది 40 అనుకుందాం. ఫ్లాషుకూ మనిషికీ ఉన్న దూరాన్ని మీటర్లలో కొలిచి, ఈ నంబరును దానితో భాగిస్తే అపర్చరు వస్తుంది. 2 మీటర్లయితే ఎఫ్ 20. ఇది పూర్తి శక్తికి, ఐఎస్ఓ 100కు. శక్తిని పదహారోవంతు చేస్తే గైడ్ నంబరు పదహారోవంతు కాదు, నాలుగోవంతు అవుతుంది, అంటే 10. వర్గమూలం కదా! తొమ్మిదో తరగతి పిల్లవాడిని అడగండి, చెబుతాడు. ఐఎస్ఓ 400 పెడితే నంబరు రెట్టింపై 20. దూరం 2 మీటర్లతో భాగిస్తే ఎఫ్ 10. మధ్యలో తెల్లగుడ్డ అడ్డం పెడితే వెలుగు సుమారు నాలుగోవంతే మిగులుతుంది, ఎఫ్ 5 అవుతుంది. కెమెరాలో ఎఫ్ 5 గానీ 5.6 గానీ పెట్టి, షట్టరు సెకనులో 60వ వంతు పెట్టి మొదటి ఫోటో తియ్యండి. ముఖం సరిగా వస్తుంది, వెనుక దాదాపు చీకటి. ఇప్పుడు ఇంకేదీ ముట్టకుండా షట్టరు 15వ వంతు చెయ్యండి. బల్బు కింది గోడ మెల్లగా పైకి వస్తుంది. కెమెరాను స్టాండుమీద పెట్టి 8వ వంతు చేస్తే తలుపు చెక్కా, గడపమీది పసుపూ కూడా కనిపిస్తాయి. ముఖం మాత్రం మారదు. ఎదుట కూర్చున్నవారు ఆ లిప్తసేపు కదలకుండా ఉంటే చాలు. షట్టరును వేగం చేయడానికి మాత్రం హద్దు ఉంది. ఎన్నో కెమెరాలకు 200వ వంతో 250వ వంతో చివరి గీత. అది దాటితే ఫోటోలో ఒక పక్క నల్లటి పట్టీ పడుతుంది.

తెల్లగుడ్డ అన్నాను. అది ఎందుకంటే, ఫ్లాషు ముఖం అగ్గిపెట్టె అంత. చిన్న దీపం నీడను కత్తితో కోసినట్టు వేస్తుంది. ముఖానికి దగ్గరగా, పెద్దగా ఉన్న వెలుగు మెత్తగా పడుతుంది. ఖర్చుపెట్టి గొడుగు కొనవచ్చు. లేకపోతే ఉతికిన తెల్ల పంచెను దండెం మీద వేసి, దాని వెనుకనుంచి ఫ్లాషు వెయ్యండి. నీలిమందు ఎక్కువ పెట్టిన పంచె మాత్రం వద్దు, ముఖానికి ఆ రంగు అంటుతుంది. ఇంకో పంచెను రెండో పక్కన మనిషికి దగ్గరగా పట్టుకుంటే నీడ పక్కకు కొంచెం వెలుగు తిరిగి వస్తుంది. పంచె ఒక అడుగు అటూ ఇటూ జరిగితే ఎంత తేడా ఉందో చూసి పెట్టుకోండి. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగోవంతు అవుతుంది. ఒక మీటరునుంచి రెండు మీటర్లకు జరిపితే మూడు వంతులు పోయినట్టే. ఇద్దరు మనుషులను పక్కపక్కన కూర్చోబెట్టి ఫ్లాషును ఒకరికి మరీ దగ్గరగా పెడితే, దగ్గరివారు తెల్లబోతారు, దూరంవారు నల్లబోతారు. దంపతుల ఫోటోలో ఇలా వస్తే మనకు తిట్లు తప్పవు. ఫ్లాషును వెనక్కి జరిపి, ఇద్దరికీ సమాన దూరం వచ్చేలా తిప్పండి.

రంగు విషయం త్వరగా చెప్పేస్తాను. ఫ్లాషు వెలుగు మధ్యాహ్నపు ఎండ రంగు. పాత పచ్చబల్బు, నూనెదీపం, పొయ్యి మంట నారింజ రంగు. రెండూ కలిస్తే ముఖం నీలంగా, ఇల్లు పచ్చగా విడిపోయి కనిపిస్తాయి. ఫ్లాషు మీద పలుచటి నారింజ రంగు జిలుగు కాగితం అంటించి, కెమెరాలో బల్బు గుర్తున్న అమరిక పెడితే రెండూ కలిసిపోతాయి. ఇంట్లో తెల్ల ఎల్‌ఈడీ బల్బు ఉంటే ఈ కాగితం అక్కరలేదు.

దీనికన్నా పెద్ద విషయం మన ఒంటి రంగు. స్టూడియోకు పోతే ఈనాటికీ వినిపించే మాట, “సారూ, కొంచెం తెల్లగా వచ్చేటట్టు కొట్టండి” అని. ఆ మాట అడిగేవారిది తప్పు అనను. కోడాక్ కంపెనీ ప్రింటింగు ల్యాబులకు పంపిన రంగులు సరిచూసుకునే కార్డుల మీద ఎంతోకాలం తెల్లజాతి స్త్రీల బొమ్మలే ఉండేవి. వాటికి షర్లీ కార్డులని పేరు. ఆ చర్మం సరిగా వస్తే చాలు, రంగు సరిపోయినట్టే లెక్క. మన చర్మం దానికి లెక్కలో లేదు. ఇప్పుడు ఫోనులే ముఖాన్ని అడక్కుండా తెల్లజేసి, ముడతలు తుడిచేస్తున్నాయి. ఆ పని చేసే అమరికను ముందు ఆపండి. నల్లటి ముఖాన్ని నిలబెట్టేది ఎక్కువ వెలుగు కాదు, పక్కనుంచి వచ్చే పెద్ద వెలుగు. చామనఛాయ చర్మానికి సహజంగా ఒక నిగారింపు ఉంటుంది. పంచె వెనుకనుంచి వచ్చిన మెరుపు ఆ నిగారింపును చెంపమీద, నుదుటిమీద పొడుగ్గా పరుస్తుంది. ముఖం నల్లగానే ఉంటుంది, కానీ ప్రతి గీతా కనిపిస్తుంది. ఎండలో నలభై ఏళ్ళు కలుపు తీసిన ముఖంలో ఉండేవి ఆ గీతలే.

ఒక అవ్వను తిన్నె మీద తీయాలనుకోండి. ముందు అడగండి. “అవ్వా, నీ పటమొకటి తీస్తాను, ఒక మెరుపు వస్తుంది, జడవద్దు” అని చెప్పండి. “ఈ ముసలిదానికి పటమెందుకు నాయనా” అంటుంది. అది వద్దనడం కాదు, చీర మార్చుకోవడానికి సమయం అడగడం. నిజంగా వద్దంటే గొంతు వేరేగా ఉంటుంది, అప్పుడు వదిలెయ్యండి. ఆమె లోపలికి పోయివచ్చేలోగా మీరు ఫ్లాషును పంచె వెనుక పెట్టి, మనవరాలిని ఆ చోట కూర్చోబెట్టి లెక్క సరిచూసుకోండి. పెద్దవాళ్ళను ఎదుట కూర్చోబెట్టుకుని అరగంటసేపు మీటలు తిప్పడం మర్యాద కాదు. ఆమె కూర్చున్నాక చేతులు కూడా ఫోటోలోకి రానివ్వండి. మొదటి మెరుపుకు అందరూ బిగుసుకుంటారు, రెండో మెరుపుకు కళ్ళు మూస్తారు. మూడోదానికి ఎవరినైనా పక్కనుంచి ఆమెను పలకరించమనండి, ఈ ఏడు రాగులు ఎన్ని మూటలయ్యాయని. ఆమె జవాబు చెప్పబోయే క్షణంలో నొక్కండి. వెలిగిన చెంప, కళ్ళలో చిన్న తెల్లచుక్క, వెనుక బల్బు వెలుగులో తన ఇంటి తలుపు. కంట్లో ఆ చుక్క మన పంచె ప్రతిబింబమే. అది లేకపోతే కన్ను ప్రాణం లేనట్టు ఉంటుంది. చుక్క కనపడకపోతే ఫ్లాషు మరీ పైన ఉందని అర్థం, కొంచెం దించండి.

తెరుకూత్తు ఆడేవారిని, వీధి నాటకం వారిని తీయాలని చాలామందికి ఆశ. ఆట నడుస్తుండగా ఫ్లాషు వెయ్యవద్దు. ఆడేవారి కళ్ళు చెదురుతాయి, చూసేవారికి రసభంగం. ఆటకు ముందు, అద్దం పట్టుకుని వేషం వేసుకునే చోట అనుమతి అడిగి తియ్యండి. రంగు సగం పూసుకున్న ముఖం పూర్తి వేషంకన్నా ఎక్కువ చెబుతుంది. పశువుల దగ్గర, ముఖ్యంగా ఎద్దులాటలో, మెరుపు అసలు వద్దు. ఎద్దు బెదిరితే పోయేది కెమెరా ఒక్కటే కాదు. పసిపిల్లల కళ్ళకు దగ్గరగా నేరుగా వెయ్యకండి. మూర్ఛ రోగం ఉన్నవారుంటే ముందే అడిగి తెలుసుకుని, వద్దంటే మానేయండి. రోడ్డు పక్కన తీసేటప్పుడు లారీకి ఎదురుగా మెరిపించకండి. గాలి వీస్తే గొడుగున్న స్టాండు పడిపోతుంది. ఇసుక నింపిన సంచిని కాలికి కట్టండి, టమాటా పెట్టెలో రాళ్ళు వేసినా సరే.

మన ఊరి పేరులో ‘వెల్లి’ ఉంది కదా. తమిళంలో ఆ మాటకు శుక్రవారమనీ, వెండి అనీ, శుక్ర నక్షత్రమనీ అర్థాలున్నాయి. పాత ఫిల్ములో బొమ్మను పట్టుకున్నది వెండి లవణాలే. ఆ ఫిల్ము నెగటివులు ఇనుప పెట్టెలో యాభై ఏళ్ళున్నా, మళ్ళీ తీసి కడిగించుకోవచ్చు. ఫోనులో ఉన్న ఫోటో ఫోను నీళ్ళలో పడ్డరోజే పోతుంది. కాబట్టి తీసిన వారంలోగా ధర్మపురికో కృష్ణగిరికో పోయినప్పుడు మంచి కాగితం మీద రెండు ప్రింట్లు వేయించండి. ఒకటి మీకు, ఒకటి ఆ ఇంటికి. ఆ ఇంటి ప్రింటు మీరే తీసుకుపోయి చేతికివ్వండి. వెనుకవైపు అంచున మెత్తటి పెన్సిలుతో మనిషి పేరు, ఊరు, తేదీ రాయండి. బాల్‌పెన్నుతో రాస్తే ముందువైపుకు గీత లేస్తుంది.